జోలపాటకు తాళం వేసేదెవరు?

జోలపాటకు శ్రుతి ఎంత, లయ ఎంత అని అడిగితే తల్లులు నవ్వుతారు. పరిశోధకులు మాత్రం నవ్వరు. కాగితం మీద గళ్ళు గీస్తారు: రాగం, తాళం, రసం అని. ఆ గళ్ళు నిండితేనే గాని వారికి నిద్రపట్టదు!

నేను తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ణి. సంగీతం నాకు వినికిడి విద్యే. అయినా మొదటి గడి సంగతి కొంత చెప్పగలను. అన్నమాచార్యులవారి పేర మన ఇళ్ళలో వాడుకలో ఉన్న జోలను నవరోజు రాగంలో, ఖండచాపులో పాడుతారు. త్యాగరాజస్వామి ఉయ్యాలపాటకు నీలాంబరి నెంచుకొన్నారు. రెండు రాగాలూ శంకరాభరణం బిడ్డలే. అందులో నవరోజుకు ఒక విశేషం ఉంది. మంద్ర పంచమం దగ్గర బయలుదేరి, మధ్య పంచమం దాకా వెళ్ళి, వెనక్కు తిరుగుతుంది. పై షడ్జం గడప తొక్కదు. శాస్త్రజ్ఞులు దీన్ని పంచమాంత్య రాగమన్నారు. నేనైతే అలసిన గొంతు రాగమంటాను. రాత్రి రెండింటికి లేచిన ఇల్లాలు తారస్థాయికి ఎందుకెక్కుతుంది? ఎక్కితే నిద్రపోబోయే బిడ్డ లేస్తాడు, పక్కగదిలో మామగారూ లేస్తారు. శ్రుతి మాటా అంతే. తంబురా లేదు, శ్రుతిపెట్టె లేదు. ఆ పూట గొంతు ఎక్కడ హాయిగా పలికితే అదే ఆధారషడ్జం.

ఇక రెండో గడి. జోలకు తాళం వేసేది తల్లి చెయ్యి అనుకొంటాం. కాదు, తాడు. దూలానికి కట్టిన ఉయ్యాల గడియారపు లోలకం వంటిదే గదా! తాడు 1 మీటరుంటే ఒకసారి పోయి రావడానికి 2 సెకన్లు పడుతుంది. రెండుంబావు మీటర్లుంటే 3 సెకన్లు. బిడ్డ బరువుతో నిమిత్తం లేదు. మూడు నెలల పాపడికైనా, ఏడాది పెంకివాడికైనా అదే నడక. కాబట్టి ఎత్తైన దూలం ఉన్న ఇంట్లో జోల విలంబంగా సాగుతుంది, పొట్టి కప్పు కింద కాస్త పరుగెత్తుతుంది. మా తార్నాక అపార్ట్‌మెంట్లలో దూలమే లేదాయె! కప్పుకు కొక్కెం, కొక్కేనికి స్ప్రింగు ఉయ్యాల. అది ముందుకూ వెనక్కూ ఊగదు, కిందికీ మీదికీ ఎగురుతుంది. పైగా బిడ్డ బరువెక్కినకొద్దీ దాని నడక మారుతుంది. నెలనెలా తాళం మార్చుకొనే జోల ఎక్కడైనా ఉందా?

ఇదేదో నా ఊహ అనుకొనేరు. ఉస్మానియాలో పరిశోధన చేస్తున్న పాత శిష్యురాలొకతె తన వ్యాసం ముసాయిదా నాకు చూపుతూ ఉంటుంది. ఈ గళ్ళు ఆమెవే. జానపదగేయాల మీద పని అంటే అక్కడ చిన్న మాట కాదు మరి. బిరుదురాజు రామరాజుగారు అక్కడే పరిశోధించి, 1958లో ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ వెలువరించారు. ఒకనాటి సాయంకాలం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని, ఈమె తన అమ్మమ్మ పాడిన జోలను ఫోనులో వినిపించింది. గొంతు బాగుంది, లయ మాత్రం తప్పటడుగులు వేస్తోంది. ‘పాడేటప్పుడు అమ్మమ్మ ఎక్కడ కూర్చుంది?’ అని అడిగాను. కుర్చీలోనట, చేతులు ఒళ్ళో పెట్టుకొనట.

మరునాడు తార్నాకలో వాళ్ళింటికి వెళ్ళాం. స్ప్రింగు తీయించి తాడు కట్టించాం. మునిమనవణ్ణి పడుకోబెట్టి, ఊపే తాడు చేతికిచ్చేసరికి లయ తానే కుదురుకొంది. ‘చేతిల తాడు లేకుంటె పాట ఎట్ల నడుస్తది సారూ?’ అన్నది ఆ పెద్దావిడ, ఇంత చదువుకొన్నవాడికి ఈపాటి తెలియదా అన్నట్టు.

మూడో గడి దగ్గర చిక్కు వచ్చింది. శిష్యురాలు అందులో ‘వాత్సల్యం’ అని రాసుకొన్నది. మొదటి రెండు చరణాలకు సరిపోయింది. వాటినిండా రాముడు, కృష్ణుడు, బంగారు తొట్టెల. మూడో చరణంలో పండక్కి తోలుకపోవడానికి రాని అన్న వచ్చాడు. బాణీ మారలేదు, తాడు ఆగలేదు, గొంతు మాత్రం ఇంకాస్త కిందికి దిగింది. స్పెయిన్ కవి లోర్కా 1928లో జోలపాటల మీద ఉపన్యసిస్తూ, తమ దేశం పసివాళ్ళను నిద్రపుచ్చడానికి అతి విషాదమైన బాణీలనే వాడుకొంటుందని అన్నాడు. ఒక్క స్పెయినేమిటి, మన పల్లెటూళ్ళ సంగతి ఆయనకు తెలియదు పాపం!

బిడ్డకు ఈ మాటలతో పనిలేదు. 2020లో హార్వర్డ్ పరిశోధకులు 144 మంది పసిపిల్లలకు, వారెన్నడూ వినని పరభాషల పాటలు వినిపించి చూశారు. మాట తెలియకపోయినా, జోల వింటున్నప్పుడు తక్కిన పాటలప్పటికన్న గుండెవేగం ఎక్కువగా తగ్గింది. అంటే రాగమూ లయా బిడ్డకు చాలు. మరి ఆ మాటలెవరికి? అత్త వినేట్టు ఏడవడానికి వీలులేని కోడలు, బిడ్డ మిషతో తన గోడు తానే వినేది. నోట జోల ఉన్నంతసేపూ ఎవరూ తప్పు పట్టరు గదా!

నాలుగో చరణం ఎత్తుకోబోతూ పెద్దావిడ ఆగింది. ‘గిది నీ ఫోన్ల ఎక్కియ్యకు బిడ్డా’ అన్నది. ఫోను కట్టేశాక పాడింది. భీవండి మగ్గాలకు పోయిన పెనిమిటి మాట అది. అంతకుమించి ఇక్కడ రాయను. పిల్లవాడు అప్పటికే నిద్రపోయాడు. పాట అయిపోయాక కూడా ఆమె చాలాసేపు తాడు లాగుతూనే ఉంది.

ముసాయిదాలో ఆ జోలకు మూడే చరణాలున్నాయి. రసం గడిలో ‘వాత్సల్యం’ కొట్టేసి ఉంది. దాని పక్కన ఇంకా ఏమీ రాయలేదు.