గోనె

ధాన్యం కొనుగోళ్ళు మొదలయ్యాయంటే పత్రికల్లో 'గన్నీ సంచుల కొరత' అన్న వార్త తప్పదు. వడ్లు కల్లంలో పోసి, మబ్బు వంక చూస్తూ సంచుల కోసం పడిగాపులు పడే రైతు గోడు ముందు మాట గొడవ చిన్నదే. అయినా సాహిత్య పత్రిక కనుక చెప్పాలి. ఈ గన్నీ పరాయిది కాదు. సంస్కృతంలో గోణీ, కన్నడంలో గోణి, తమిళంలో కోణి, మనకు గోనె. ఇంగ్లీషు వర్తకుల నోట గన్నీగా మారిన ఆ మాటే ఇప్పుడు మన అచ్చులోకి వచ్చి గోనెను పక్కకు నెడుతోంది.

గోనె వయసు తక్కువది కాదు. ధాన్యం పోసుకునే సంచి అయితే గోణీ అనాలని పాణిని అష్టాధ్యాయిలో సూత్రమే ఉంది. ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహితలో గోణి ఒక కొలత, నాలుగు ద్రోణాలు. సంచి పేరే కొలతైపోవడం మనకూ కొత్త కాదు. ఎకరాకు ఎన్ని బస్తాలు అని అడిగే మనిషి సంచుల లెక్క అడగడం లేదు, పంట అడుగుతున్నాడు. ఆ బస్తా పారశీకం నుంచి వచ్చింది, 'కట్టినది' అని అర్థం.

గోనె సంచి మాత్రమే కాదు, బట్ట కూడా. ఈ సంగతి తెలుగు బైబిలులో చక్కగా కనిపిస్తుంది. యోసేపు చచ్చిపోయాడనుకుని యాకోబు నడుముకు గోనెపట్ట కట్టుకుంటాడు. తర్వాత కరువులో అతని కొడుకులు ఐగుప్తుకు వెళ్ళి గోనెల నిండా ధాన్యం తెచ్చుకుంటారు. ఒకే కథలో దుఃఖానికి కట్టుకున్నదీ గోనే, ఆకలి తీర్చిందీ గోనే. హీబ్రూలో 'సాక్' అన్న మాటకూ ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. తెలుగు చేసినవారికి వెతుకులాట లేకుండా సరిజోడు దొరికింది.

సరుకు మోసిన మనుషుల పేరులోనూ సంచి ఉంది. పెరికె అంటే ఎద్దు మీద వేసే గోనెసంచి. ఉప్పూ ధాన్యమూ ఎడ్ల మీద వేసుకుని ఊరూరా తిరిగిన పెరికవారికి ఆ పేరు అలా వచ్చిందని దక్షిణాది కులాల వివరాలు సేకరించిన థర్‌స్టన్ 1909లో రాశాడు. జనపనారతో గోనెలు నేసే మిల్లు ఆ తర్వాతి మాట. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మొదటి మిల్లు వచ్చాక హుగ్లీ ఒడ్డున వరసగా మిల్లులు లేచాయి. వాటిలో పనికి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మనవాళ్ళు వేలల్లో వలసపోయారు. ఆ బతుకుల మీద మన సాహిత్యం రాసింది తక్కువ.

ధాన్యం ఖాళీ అయ్యాక గోనెకు రెండో బతుకు మొదలయ్యేది. దబ్బనంతో కుట్టిన మూతి దగ్గర పురికొసకు సరైన కొస దొరికితే ఒక్క లాగుడుకు కుట్టంతా జర్రున ఊడివచ్చేది. ఆ పురికొసను పారేయకుండా ఉండ చుట్టి చూరులో దోపేవారు. సంచి విప్పి పరిస్తే పట్టా, గుమ్మంలో వేస్తే కాళ్ళు తుడుచుకునే గుడ్డ, చలికాలం లేగదూడకు కప్పు. వానలో ఒక మూలను రెండో మూలలోకి దోపి నెత్తిన వేసుకుంటే, తెలంగాణ పల్లెల్లో అదే కొప్పెర. ప్లాస్టిక్ సంచి సరుకు మోస్తుంది, అంతవరకే. ఒంటి మీద వేసుకుంటే చెమట పీల్చదు, ఎండకు నాలుగు నెలల్లో పొడిపొడిగా రాలుతుంది. గోనెలోని బట్ట అన్న అర్థం ఇలా జారిపోతోంది. 1987 నాటి జనపనార ప్యాకింగ్ చట్టం కింద తిండిగింజలకు జనపనార సంచులే వాడాలన్న నియమం ఉంది కనుక కొనుగోలు కేంద్రాల్లో వస్తువైతే మిగిలింది, గన్నీ అన్న పేరుతో.

విలేఖరులు గోనెసంచి అనే రాయాలని మా కోరిక. పాఠకులకు ఇంకో పని. గోతం, బోరెం, పెరికె, కొప్పెర, ఇలా మీ ఊళ్ళో గోనె చుట్టూ ఉన్న మాటలన్నీ, ఏది ఎప్పుడు ఎలా వాడతారో కూడా కలిపి రాసి పంపండి. ఊరి పేరుతో సహా వచ్చే సంచిక నుంచి అచ్చు వేస్తాం.