ట్రిగ్గరు తూకము



తూనికల కచ్చేరీలో ముప్పదియేండ్లు గుమాస్తాగిరి చేసితిని. తుదకు తక్కువ తూకము మా ఇంటనే పట్టుబడినది.

మా మనుమడు ఎయిర్ పిస్టలు పోటీలకు సాధన చేయుచున్నాడు. ట్రిగ్గరు తేలిక కావలెనని హోసూరులో ఒక లేతు షాపున స్ప్రింగు ఒక చుట్టు కోయించినాడు. కృష్ణగిరిలో పోటీకి పోగా తూకపు పరీక్షలో తప్పి, ఒక్క గుండైనను కాల్చకయే తిరిగివచ్చినాడు.

10 మీటర్ల ఎయిర్ పిస్టలుకు ట్రిగ్గరు బరువు 500 గ్రాములకు తగ్గరాదని అంతర్జాతీయ నియమము. గొట్టమును నిలువుగా పట్టి, ట్రిగ్గరుకు ఆ తూకపురాయి తగిలించి పైకెత్తుదురు. రాయి లేచినను ట్రిగ్గరు వీగరాదు. ఎయిర్ రైఫిలుకు ఇట్టి కనీసము లేదు. 2012లో లండనులో కాంస్యము గెలిచిన హైదరాబాదు గగన్ నారంగ్‌ది రైఫిలు. పిల్లలు ఈ భేదమెరుగక పిస్టలుకును అదే తేలికతనము కోరుచున్నారు. కోసిన స్ప్రింగుతో చిన్న కుదుపునకే గుండు వెడలిన, ఎదుటివారి కన్ను పోవచ్చును.

గురి కుదురుటకు గుండ్ల ఎంపిక మేలు. 4.5 మిల్లీమీటర్ల గుండ్లలోనే తల కొలతలు 4.49, 4.50 అని వేరువేరుగా దొరకును. పిస్టలును బిగించి రకమునకు ఐదేసి కాల్చి, దగ్గరదగ్గరగా పడినవానినే ఎంచుకొనవలెను.

శిక్షణశాలలవారు ముద్ర వేసిన అరకిలో రాయి నొకటి ఉంచి వారమునకొకమారు పరీక్షింతురు గాక. మరలు తిప్పుట గురువు నెదుటనే జరుగవలెను. రాయి ఖరీదు స్వల్పము. పిల్లవాని ఏడాది శ్రమ స్వల్పము కాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
హోసూరు