ఇల్లు ఇచ్చారు, ఊరు ఇవ్వలేదు

కాలనీ అనే మాటకి మన తెలుగులో రెండు అర్థాలున్నాయి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో "మేం ఫలానా కాలనీలో ఉంటాం" అంటే వినేవాళ్లు అక్కడ గజం ఎంత పలుకుతుందో లెక్కేసుకుంటారు. పల్లెటూళ్లో "వాళ్లది కాలనీ" అంటే వినేవాళ్లు కులం లెక్కేసుకుంటారు. మాట ఒకటే. ఒకచోట ఆస్తి, ఇంకోచోట కులం.

పొరుగున తమిళనాడులో ఈ సంగతి అసెంబ్లీ దాకా వెళ్లింది. కాలనీ అనే మాట అంటరానితనానికి గుర్తుగా, తిట్టుగా మారిపోయిందనీ, ప్రభుత్వ రికార్డుల నుంచీ వాడుక నుంచీ దాన్ని తీసేస్తామనీ 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు. మన ఊళ్లల్లో బోర్డుల మీద ఇంకా ఎస్సీ కాలనీ అనే ఉంది. ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకునే పిల్లాడి ఆధార్ కార్డు మీదా అదే ఉంది. కులం కాలమ్ నింపక్కర్లేదు, అడ్రసు చూస్తే చాలు.

ఇవాళ మాట్లాడదామనుకున్నది పేరు గురించి కాదు, ఆ పేరు వెనకున్న స్థలం గురించి. ఎందుకంటే ఆ మాటకి ఆ అర్థం తెచ్చిపెట్టింది ప్రభుత్వ ఇళ్ల పథకాలే. అంతకుముందు మాలపల్లి, మాదిగగూడెం, వాడ, పేట అనేవారు. తెలుగు సాహిత్యం చదువుకున్న వాళ్లకి తెలుసు, మన గురించి రాసిన పుస్తకాల పేర్లే చిరునామాలు. ఉన్నవ లక్ష్మీనారాయణ నవల పేరు 'మాలపల్లి'. బోయి భీమన్నకి సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన కావ్యం పేరు 'గుడిసెలు కాలిపోతున్నాయ్'. ఊరు మనల్ని అవతల పెట్టింది. తర్వాత ప్రభుత్వం వచ్చి, ఆ అవతలే సిమెంటు పోసి, నంబర్లు వేసి, కాలనీ అని పేరు పెట్టింది. గుడిసె కాలిపోయినా ఇంకోచోట వేసుకోవచ్చు. శ్లాబు పడ్డాక ఎక్కడికీ పోలేం.

పక్కా ఇల్లు అక్కర్లేదని ఎవరైనా అంటే వాళ్లు వానాకాలం గుడిసెలో పడుకోలేదని అర్థం. ఉమ్మడి రాష్ట్రంలో గృహ నిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. ఎస్సీ, ఎస్టీలకీ వెట్టి నుంచి విముక్తి పొందిన వాళ్లకీ అని చెప్పి కేంద్రం 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలుపెట్టింది. 2006లో ఇందిరమ్మ కార్యక్రమం వచ్చింది. 2016 నుంచి ఆ కేంద్ర పథకం ప్రధానమంత్రి పేరు మీదికి మారింది. వీటివల్ల తాటాకు కప్పు కింద పాము భయంతో పడుకునే రోజులు చాలా కుటుంబాలకి పోయాయి. ఆడవాళ్ల పేరు మీద పట్టా రావడం చిన్న విషయం కాదు. మా అమ్మ తరానికి కాగితం మీద తన పేరు కనబడింది వాటిల్లోనే.

కానీ నలభై ఏళ్లుగా ప్రతి ప్రభుత్వమూ "ఎన్ని ఇళ్లు" అనే ప్రశ్నకే సమాధానం చెప్తోంది. "ఎక్కడ" అని అడిగేవాళ్లు లేరు.

స్థలం ఎలా దొరుకుతుందో చూడండి. పథకం ప్రకటిస్తారు. ఊరికి ఇంతమంది అర్హులు అని జాబితా వస్తుంది. తహసీల్దారు ముందు ప్రభుత్వ భూమి వెతుకుతాడు. ఊళ్లో మిగిలిన ప్రభుత్వ భూమి ఏది? చెరువు పక్కన పల్లం, వాగు ఒడ్డు, శ్మశానం దగ్గర బంజరు. అదీ చాలకపోతే ఎప్పుడో మనకే ఇచ్చిన అసైన్డ్ భూమి. ఇంకా చాలకపోతే కొనాలి. ఊరి మధ్య ఖరీదు కాబట్టి పొలిమేరలో కొంటారు. పొలిమేరలో ఎవరి పొలం ఎంతకి కొనాలన్నది ఊరి పెద్దల చేతిలో ఉంటుంది. మెరక తోలతారు, రాళ్లు పాతుతారు, ఫొటో దిగుతారు. వర్షం పడ్డాక ఆ మెరక ఏమవుతుందో అక్కడుండే వాళ్లనడగండి. బడి ఎంత దూరం, బస్సు ఎక్కడ ఆగుతుంది, మంచినీళ్ల పైపు ఎప్పుడొస్తుంది అన్నవి ఇళ్లల్లో చేరాక తేలే సంగతులు.

ఇప్పుడు సైజు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టి 30 లక్షలకు పైగా ఇళ్ల పట్టాలిచ్చారు. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటు అంటే 48 గజాల చిల్లర. సెంటున్నర అంటే 72 గజాల చిల్లర. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. యూనిట్ ఖర్చు 1.80 లక్షలు. ఆ డబ్బు చాలదని అందరికీ తెలుసు కాబట్టే డ్వాక్రా మహిళలకి పావలా వడ్డీకి 35 వేల అప్పు ఇప్పించారు. 2024లో ప్రభుత్వం మారాక, ఆగిపోయిన ఇళ్లకి ఎస్సీ, బీసీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు అదనంగా ఇస్తామన్నారు. అంటే ఇచ్చింది సరిపోలేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

పల్లెలో మనిషికి ఇల్లంటే నాలుగు గోడలే కాదు. గేదె కట్టేసుకునే చోటు, వరిగడ్డి వామి, రెండు మేకలు, కట్టెల మోపు, నీళ్ల తొట్టి, ఎండాకాలం మంచం వేసుకునే వాకిలి. కూలి లేని రోజుల్లో ఇల్లు గడిచేది ఆ గేదె పాల మీదా ఆ మేకల మీదా. సెంటున్నరలో ఇవేవీ పట్టవు. కొడుక్కి పెళ్లయితే కోడలికి గది లేదు. ఈ స్థలం మనుషులు బతకడానికి చాలదని 2021 అక్టోబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి అన్నారు. తర్వాత డివిజన్ బెంచ్ ఆ తీర్పుని పక్కనపెట్టింది. ఇప్పటి ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామంటోంది. మంచిదే. అయితే సెంట్లు పెరిగితే భూమి కూడా ఎక్కువ కావాలి. ఆ భూమి ఎవరి దగ్గర తీసుకుంటారు?

ఈ ప్రశ్నకి జవాబు విశాఖపట్నంలో ఉంది. నగరంలో పేదలకి ఇళ్ల స్థలాల కోసమని 2020 జనవరిలో జీవో 72 ఇచ్చారు. చుట్టుపక్కల 10 మండలాల్లో 6 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్‌లో తీసుకోవాలన్నది దాని సారాంశం. అందులో అసైన్డ్ భూములున్నాయి. అసైన్డ్ పట్టా ఉన్నవాళ్లకి ఎకరానికి 900 గజాలు అభివృద్ధి చేసిన స్థలంగా తిరిగిస్తామన్నారు. ఎకరం అంటే 4,840 గజాలు. పట్టా లేకుండా సాగు చేసుకునే వాళ్లకి ఇంకా తక్కువ. అసైన్డ్ భూమి ఎవరి చేతిలో ఉంటుందో మనకి తెలుసు. దళితులు, ఆదివాసులు, బీసీల్లో భూమి లేని కుటుంబాలు. ఏళ్ల తరబడి రాళ్లు ఏరి, జీడిమామిడి వేసుకుని బాగుచేసుకున్న నేల అది. అంటే ఒక పేదవాడి పొలం తీసుకుని ఇంకో పేదవాడికి ఇల్లు కట్టే పథకం. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి, వద్దన్నవాడిని "పేదల ఇళ్లకి అడ్డుపడేవాడు" అనొచ్చు. 1977 నాటి 9వ చట్టం మన భూమి ఇతరులు కొనకూడదని కాపాడింది. ప్రభుత్వమే తీసుకుంటానంటే మనల్ని కాపాడే చట్టం ఏది? అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనం కోసం తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారమివ్వాలని 2004లోనే ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. పూలింగ్ అనే పేరు పెట్టగానే ఆ సమానత్వం మళ్లీ మాయమైంది. అమరావతిలోనూ పట్టా రైతుకి ఒక ప్యాకేజీ, అసైన్డ్ రైతుకి అంతకంటే తక్కువ ప్యాకేజీ అని 2016లో జీవో 41 వచ్చింది.

అమరావతి అన్నాం కాబట్టి ఆర్‌-5 జోన్ మాట కూడా అనుకుందాం. 2023లో రాజధాని ప్రాంతంలో 50 వేల మంది పేదలకి సెంటు స్థలాలిచ్చారు. ఆ ఏడాది ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపేసింది. ఆ గొడవలో "జనాభా సమతుల్యత" అనే మాట ఒకటి వాడుకలోకి వచ్చింది. ఆ మాట ఎవరన్నారు, ఎవరనలేదు అని పార్టీలు కొట్టుకున్నాయి. నాకు పార్టీల గొడవతో పని లేదు. పేదవాళ్లు పక్కన ఉంటే సమతుల్యత చెడుతుందనే ఊహ మన సమాజంలో చలామణీ కాగలగడం, అదీ 21వ శతాబ్దపు రాజధాని గురించి, అదే నన్ను ఆలోచనలో పడేసింది. ఇక ఆ పట్టాలిచ్చినవాళ్లు పేదల మీద ప్రేమతోనే ఇచ్చారా, రాజధాని మీద కోపంతో పేదల్ని ముందు పెట్టారా అన్నది కూడా అడగాల్సిందే. రెండు వైపులా నలిగిపోయింది పట్టా పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు.

తెలంగాణలో డబుల్ బెడ్రూం ఇళ్లు 560 చదరపు అడుగులవి. సైజులో గౌరవం ఉంది. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 2015లో 396 ఇళ్లు కట్టినప్పుడు అక్కడున్న పాత ఇళ్లు తీసేసి అదే చోట కట్టారు. అక్కడి వాళ్లు అక్కడే ఉన్నారు. పని, బడి, చుట్టాలు, దుకాణంలో ఖాతా, అన్నీ అలాగే ఉన్నాయి. 2023లో ప్రారంభించిన కొల్లూరులో 15,660 ఇళ్లున్నాయి. అది సంగారెడ్డి జిల్లాలో, నగరం అంచున. తెల్లారకముందే రోడ్లు ఊడ్చే మనిషికీ, నాలుగిళ్లల్లో పనిచేసే ఆమెకీ, అడ్డా మీద నిలబడే కూలీకీ ఇల్లు అంతదూరం జరిగితే జీతంలో ఎంత బస్సుకి పోతుందో, ఎన్ని గంటల నిద్ర పోతుందో లెక్కేయండి. ఒకే పథకం, ఒకే 560 అడుగులు. తేడా అంతా స్థలంలోనే ఉంది.

ఇక్కడ చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక ప్రశ్న వేస్తారు. అంబేద్కరే దళితులకి వేరే గ్రామాలు కావాలన్నాడు కదా, మళ్లీ ఊళ్లో కలపమని అడగడమేంటి అని. న్యాయమైన ప్రశ్న. 1942లో నాగపూర్ మహాసభలో ఆ తీర్మానం జరిగింది. 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లోనూ ఆయన అదే అడిగాడు. అయితే ఆయన అడిగింది పూర్తిగా చదవాలి. ఊరివాళ్ల పొలాల మీద కూలికి ఆధారపడకుండా, ప్రభుత్వ భూమి ఇచ్చి, ఆ పని చూడ్డానికి ఒక కమిషన్ పెట్టి, స్వతంత్రంగా బతికే గ్రామాలు ఆయన అడిగాడు. మనకి దొరికింది దానికి తలకిందులు. నివాసం వేరు చేశారు, భూమి మాత్రం ఇవ్వలేదు. ఉండేది అవతల, కూలికి పోవాల్సింది ఇవతల. అంబేద్కర్ అడిగిన దూరానికీ మనకిచ్చిన దూరానికీ పేరొక్కటే కలుస్తుంది.

కారంచేడు వాళ్లు 1985లో ఏం చేశారో గుర్తు చేసుకోండి. ఆరుగుర్ని చంపాక, ఆ ఊరికి తిరిగి వెళ్లం అన్నారు. చీరాలలో శిబిరంలో ఉండి, ఇక్కడే ఇళ్లు కావాలని కొట్లాడారు. విజయనగర్ కాలనీ అలా వచ్చింది. అది కూడా కాలనీయే. కానీ దాన్ని ఎంచుకున్నది బాధితులు, ఏ తహసీల్దారూ కాదు. విడిగా ఉండాలా కలిసి ఉండాలా అన్న ప్రశ్నకి నా సమాధానం ఇదే: ఎంచుకునేది మనమై ఉండాలి, విడిగా ఉంటే భూమితో ఉండాలి, కలిసి ఉంటే వీధి మధ్యలో ఉండాలి.

కలిసి ఉండటం కుదరదనే వాళ్లకి తమిళనాడే ఇంకో ఉదాహరణ. కరుణానిధి ప్రభుత్వం 1997లో పెరియార్ స్మారక సమత్వపురాలు మొదలుపెట్టింది. ఒక్కో చోట 100 ఇళ్లు. 40 దళితులకి, 50 వెనకబడిన కులాలకీ అత్యంత వెనకబడిన కులాలకీ సగం సగం, 10 మిగతావాళ్లకి. అలాంటివి 200కు పైగా కట్టారు. అక్కడ కులం పోయిందని నేను చెప్పడం లేదు. ఇళ్లు పక్కపక్కన కట్టడం ఇంజనీర్లకి సాధ్యమేనని మాత్రం తేలింది. ఇక కావాల్సింది మనసు. ప్రభుత్వానికి మనసు దానంతటదే రాదు, అడిగితే వస్తుంది.

కాబట్టి విద్యార్థులకి ఒక పని. పండక్కి ఇంటికెళ్లినప్పుడు మీ ఊరి నక్షా సంపాదించండి. గత ఇరవై ఏళ్లలో వచ్చిన ప్రతి లేఅవుట్‌నీ దానిమీద గుర్తు పెట్టండి. ఆ సర్వే నంబరు అంతకుముందు ఏ వర్గీకరణలో ఉంది, ఎవరి సాగులో ఉంది అని సమాచార హక్కు కింద అడగండి. అక్కడి నుంచి బడికి, రేషన్ షాపుకి, బస్సు ఆగే చోటికి, ఊరి మధ్యకి నడిచి అడుగులు లెక్కపెట్టండి. ఏ వీధి ఎవరిదో పక్కన రాయండి. పది ఊళ్ల నక్షాలు పక్కపక్కన పెడితే నేను ఇక్కడ రాసినదానికంటే గట్టిగా అవే మాట్లాడతాయి.

ఆ నక్షాలు పట్టుకుని గ్రామ సభకి వెళ్లి నాలుగు మాటలు అడుగుదాం. ఊరు పెరిగే వైపే స్థలం ఇవ్వాలి. అసైన్డ్ భూమి ముట్టుకోకూడదు, తప్పనిసరైతే పట్టా భూమితో సమానంగా ఇవ్వాలి. ఒకే లేఅవుట్‌లో కులానికో వీధి వేయకుండా లాటరీతో కలిపి ఇవ్వాలి. పట్టా ఇచ్చే రోజుకి నీళ్లు, రోడ్డు, కరెంటు ఉండాలి. మూడు సెంట్లకి కొత్త స్థలాలు వెతికే పని ఇప్పుడే జరుగుతోంది. రాళ్లు పాతాక అడిగితే కోర్టుకెళ్లమంటారు. పాతకముందే అడగాలి.

జై భీమ్.