రేచీకటి, కార్జం, కులం

మహానంది కోనేటి నీరు ఏడాది పొడవునా పారుతుంది. బీటలువారిన రాయలసీమలో నల్లమల పాదాన ఉన్న ఆ ఊరు అరటితోటలతో పచ్చగా కనిపించడానికి అదే కారణం. అయితే ఆ తోటల్లో పండే మామూలు అరటిపండులో విటమిన్ ఏ అత్యల్పం. అక్కడ కూలికి వెళ్లే దళిత మహిళ కంటికి తోట ఇచ్చేదల్లా కూలి డబ్బులే. ఆ డబ్బులతో ఆమె ఏం కొనుక్కోగలదు, ఏం వండుకుంటే ఊరు సహిస్తుంది అన్నది పోషకాహార శాస్త్రం ఒక్కటే తేల్చే ప్రశ్న కాదు.

కంటి వెనుక భాగంలోని రెటీనా మసక వెలుతురులో చూడడానికి రాడ్ కణాల మీద ఆధారపడుతుంది. వాటిలోని రొడాప్సిన్ అనే వర్ణకం తయారీకి విటమిన్ ఏ కావాలి. వెలుతురు పడగానే ఆ వర్ణకం విడిపోతుంది. మళ్లీ కూడాలంటే రక్తం ద్వారా విటమిన్ అందుతూ ఉండాలి. ఈ ప్రక్రియను విడమర్చిన జార్జ్ వాల్డ్ 1967లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఒంట్లో నిల్వలు అడుగంటినప్పుడు పగటి చూపు కన్నా ముందు మునిమాపు చూపు దెబ్బతింటుంది. అదే రేచీకటి. తెల్లవారకముందే లేచి, పొద్దుగూకాక గట్ల మీదుగా వాడకు నడిచే వారికి అత్యవసరమైన చూపు అది. మన సినిమాలు దాన్ని ఏళ్ల తరబడి నవ్వులాటగా వాడుకున్నాయి. (రేచీకట్లన్నీ విటమిన్ లోపం వల్ల రావు. వంశపారంపర్యంగా వచ్చే రెటీనా జబ్బులు వేరు. మేనరికాలు ఆ ముప్పును పెంచుతాయి. వాటికి వైద్యపరీక్ష తప్పనిసరి.)

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో దేశవ్యాప్తంగా పిల్లలకు విటమిన్ ఏ మోతాదులు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. ఏడాది దాటిన పిల్లలకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు. కానీ ఆ చెంచా మందు ఐదేళ్లతో ఆగిపోతుంది. గర్భిణికి అంత మోతాదు ఇవ్వకూడదు, బిడ్డకు హాని. అంటే కూలి తల్లి రెటీనాకు మిగిలింది రోజూ తినే తిండే. స్త్రీకి రోజుకు 840 మైక్రోగ్రాములు, పాలిచ్చే తల్లికి 950 కావాలని 2020 నాటి ప్రమాణాలు చెబుతున్నాయి.

అవి ఎక్కడి నుంచి రావాలి? పాఠ్యపుస్తకం క్యారెట్, బొప్పాయి, పాలు, వెన్న అంటుంది. పాలకు పశువు కావాలి, పశువుకు మేత కావాలి, మేతకు భూమి కావాలి. ఆకుకూరల్లో ఉండేది బీటా కెరోటిన్; దాదాపు పన్నెండు మైక్రోగ్రాములు తింటే ఒంటికి ఒక మైక్రోగ్రాము విటమిన్ దక్కుతుంది, అదీ తిండిలో తగినంత నూనె ఉంటేనే. జొన్నచేలల్లో, కొర్రచేలల్లో తనంతట తానుగా మొలిచే చెంచలికూర, గురుగాకు, దొగ్గలికూర కొంగున కోసుకొచ్చే హక్కు ఒకప్పుడు కూలి స్త్రీకి ఉండేది. ఏకపంటల సాగు, కలుపుమందు ఆ హక్కును నిశ్శబ్దంగా మింగేశాయి.

ఇక కార్జం. వంద గ్రాముల గొడ్డు కార్జంలో దాదాపు ఐదువేల మైక్రోగ్రాముల విటమిన్ ఏ ఉంటుంది. వారానికి ఒక చిన్న ముక్క చాలు (గర్భిణులు మాత్రం మితిమీరి తినరాదు). రేచీకటికి కార్జమే మందని ప్రాచీన ఈజిప్టు వైద్యులకు, గ్రీకులకు తెలుసు. మాల మాదిగ వాడల్లో అది చవకైన ఇంటి తిండి. ఆ తిండినే అగ్రకుల సమాజం అంటరానితనానికి సాక్ష్యంగా చూపింది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ చట్టం కూడా ధ్రువీకరణ పొందిన ఎద్దు, గేదె మాంసాన్ని నిషేధించలేదు. చట్టం ఆగిన చోట భయం, ఈసడింపు పని పూర్తి చేశాయి. పెద్దకూర తిని పెరిగిన నా విద్యార్థులు విటమిన్ ఏ గురించి అడిగితే క్యారెట్ అని చెబుతారు. వాళ్లు క్యారెట్ రుచి చూసింది హాస్టల్‌కు వచ్చాకే. సిగ్గు ఎంత లోతుకు దిగిందో నాకు ఆ జవాబులో కనిపిస్తుంది.

గుడ్డు సంగతీ ఇంతే. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు వద్దన్నారు. 2021లో కర్ణాటకలో కొందరు మఠాధిపతులు బడుల్లో గుడ్లకు అడ్డుపడ్డారు. మన రాష్ట్రంలో 2020 నుంచి మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు పెట్టడం ఆ లెక్కన మెచ్చుకోదగ్గ నిర్ణయమే. పథకం పేరు ప్రభుత్వంతో పాటు మారుతోంది, గుడ్ల సంఖ్య మారకుండా చూడాల్సింది మనం. అయినా ఒక గుడ్డు ఇచ్చేది డెబ్బై ఎనభై మైక్రోగ్రాములే. ఎదిగే పిల్లకు అది చాలదు.

అందుకే సాంఘిక సంక్షేమ వసతిగృహాల వారపు పట్టికలో, తినేవారికి, ఒక పూట మేక కార్జమైనా చేర్చాలని అడుగుతున్నాను. మహానందిలోనే వ్యవసాయ కళాశాల ఉంది. అరటి దిగుబడితో పాటు చేలగట్ల ఆకుకూరలను బతికించే పద్ధతుల మీద, కూలి స్త్రీలను భాగస్వాములుగా చేసుకుని, అక్కడ పని జరగాలి. పాఠ్యపుస్తకాలు తిరగరాసేటప్పుడు విటమిన్ ఏ దొరికే పదార్థాల వరుసలో క్యారెట్‌కు ముందు కార్జాన్ని, పిల్లలు ఇంట్లో పిలిచే ఆ పేరుతోనే రాయాలి.