ఊరికి ఈవీలో పోతే అసలు ఛార్జర్ అవ్వ వాళ్ళింటి 15 ఆంప్స్ ప్లగ్గే

ఫోన్ రివ్యూల్లో 120 వాట్స్ అనే నంబర్‌కి ఉన్నంత గ్లామర్ ఇంకే నంబర్‌కీ లేదు. పద్దెనిమిది నిమిషాల్లో ఫుల్, ఇరవై నిమిషాల్లో ఫుల్ అని థంబ్‌నెయిల్ పెడతారు. ఆ ఫోన్ కొన్నవాళ్ళలో సగం మంది మాత్రం రాత్రి పడుకునేముందు ప్లగ్గులో పెట్టి, పొద్దున లేచి తీస్తారు. ఎలక్ట్రిక్ కార్ల రివ్యూలకీ ఇదే జబ్బు పట్టింది. డీసీ ఫాస్ట్ ఛార్జర్ మీద 10 నుంచి 80 శాతానికి ఎన్ని నిమిషాలు? అక్కడితో ఛార్జింగ్ చాప్టర్ క్లోజ్. కారుతో పాటు డిక్కీలో వచ్చే పోర్టబుల్ ఛార్జర్‌ని బ్యాగులోంచి తీసి చూపించే రివ్యూ ఒకటైనా గుర్తుందా మీకు?

నాకైతే ఆ బ్యాగే ముఖ్యం. ఎందుకో ఒక రూట్ తీసుకుని చెప్తా. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పెద్దపంజాణి, పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, కుప్పం వైపు ఊర్లకి వారం వారం పోయొచ్చే పిల్లోళ్ళు చాలామంది ఉన్నారు. శుక్రవారం సాయంత్రం బయల్దేరి కోలార్, ముళబాగల్, నంగలి, పలమనేరు మీదుగా పెద్దపంజాణికి పోతే అటూఇటుగా 150 కి.మీ. ఇప్పుడొచ్చే 38, 45 యూనిట్ల బ్యాటరీ కార్లకి ఇదొక దూరమే కాదు. హైవేలో 80-90 స్పీడులో యూనిట్‌కి 7 కి.మీ. వస్తాయనుకుంటే 22 యూనిట్లు ఖర్చు. కాబట్టి "ఊరికి చేరతామా" అనేది పాత ప్రశ్న. 24 యూనిట్ల టియాగో ఈవీ, 17.3 యూనిట్ల కామెట్ లాంటి చిన్న కార్లవాళ్ళు దారిలో ఒకసారి ఆగాల్సిందే, అది వేరే సంగతి. మిగతావాళ్ళకి అసలు ప్రశ్న, ఊర్లో ఉన్న రెండు రాత్రుల్లో తిరుగు ప్రయాణానికి సరిపడా ఎక్కుతుందా లేదా అని.

తిరుగు ప్రయాణం ఎక్కుడు కూడా. పలమనేరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటే, బెంగళూరు 900 దాటి ఉంటుంది. దీనికి భయపడేవాళ్ళని చూశా, అంత అవసరం లేదు. టన్నున్నర పైన బరువున్న కారుని 200 మీటర్లు పైకి ఎత్తడానికి లెక్క ప్రకారం ఒక యూనిట్ కంటే ఎక్కువ పట్టదు. అంటే ఏడు కి.మీ. తేడా. ఊర్లో వాళ్ళందర్నీ ఎక్కించుకుని కాణిపాకం పోవాలంటే మొగిలి ఘాట్ దిగాలి, మళ్ళీ ఎక్కాలి. దిగేటప్పుడు రీజెన్‌లో కొంత వెనక్కొస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులే తిరుగుతున్నాయి, మన కారుకేం?

కొండల కంటే నాకు భయం వేసేది వరండాలోని ప్లగ్గు చూస్తే.

15 ఆంప్స్ ప్లగ్గు నుంచి 3.3 కిలోవాట్లు లాగితే తొమ్మిది గంటల్లో గోడలోంచి 30 యూనిట్లు. ఛార్జింగ్ నష్టాలు పోను బ్యాటరీలోకి 26. సుమారు 180 కి.మీ., ఒక్క రాత్రిలో. కాగితం మీద అద్భుతం. కానీ ఆ ప్లగ్గు ఎప్పుడో గ్రైండర్ కోసమో, గీజర్ కోసమో పెట్టించింది. రెండు కిలోవాట్ల గీజర్ పావుగంట నడిచి ఆగిపోతుంది. కారు తెల్లవార్లూ లాగుతూనే ఉంటుంది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో పెరుగుతుందని ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్నాం కదా. ఆ లెక్కన గీజర్‌తో పోలిస్తే ఇక్కడ వేడి రెండున్నర రెట్లు పైనే, అదీ గంటలు గంటలు. పాత ఇళ్ళలో సన్నటి అల్యూమినియం వైరు, వదులైన స్క్రూలు, గోధుమ రంగుకి తిరిగిన సాకెట్ ఉంటే మంట అక్కడే మొదలవుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ గురించైతే మాట్లాడేదే లేదు, వద్దు.

అదే ఫిజిక్స్ మనకి దారి కూడా చూపిస్తుంది. 15 ఆంప్స్‌ని 10కి తగ్గిస్తే కరెంటు మూడో వంతు తగ్గుతుంది, వేడి మాత్రం సగానికంటే ఎక్కువ పడిపోతుంది. ఊర్లో సాయంత్రం వోల్టేజ్ 200కి దిగిపోయిందనుకుందాం. 10 ఆంప్స్ అంటే 2 కిలోవాట్లు. పది గంటలకి 20 యూనిట్లు, నష్టాలు పోను 120 కి.మీ. రెండు రాత్రులుంటే 240. బెంగళూరు పోవడానికి చాలు, మధ్యలో మదనపల్లె పోయి రావడానికీ చాలు. అందుకే నా దృష్టిలో ఊరికి పోయేవాడి కారులో సన్‌రూఫ్ కంటే విలువైన ఫీచర్, ఛార్జింగ్ ఆంప్స్ తగ్గించుకునే ఆప్షన్. కొన్ని కార్లలో అది స్క్రీన్‌లో ఉంటుంది, కొన్ని ఛార్జర్ల మీదే బటన్ ఉంటుంది, కొన్నింట్లో అసలు ఉండదు. స్పెసిఫికేషన్ టేబుల్లో మాత్రం ఎక్కడా కనపడదు.

తర్వాతది ఎర్త్. చాలామంది ఈవీ ఓనర్లకి ఊర్లో మొదటిసారి ఎదురయ్యేది ఛార్జర్ మీద ఎర్ర లైటు. కారు బాగుంది, ఛార్జర్ బాగుంది, ఇంట్లో ఎర్త్ లేదు, లేదా ఉన్నా పనిచేయట్లేదు. బొగ్గు, ఉప్పు వేసి గొయ్యి తీసి పైపు దింపి ఉంటారు గానీ, మన వైపు వానలు తక్కువ, ఎండాకాలం నేల బండలాగా అవుతుంది. తడి లేని నేలలో ఎర్త్ పేరుకే. గొయ్యిలో రెండు బిందెల నీళ్ళు పోస్తే లైటు పచ్చగా మారిన ఇళ్ళున్నాయి. తాతని అడగండి, గొయ్యి ఎక్కడుందో ఆయనకే తెలుసు. టెంకాయ చెట్టు పక్కనో, పాత దూడల కొట్టం వెనకో ఉంటుంది.

ఈ ఎర్ర లైటుని మోసం చేయడానికి ఆన్‌లైన్‌లో చిన్న ప్లగ్గులు అమ్ముతున్నారు. న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేయడమే వాటి పని. ఛార్జర్ "ఎర్త్ ఉంది" అనుకుంటుంది. ఇంట్లో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే, లేదా ఎక్కడైనా న్యూట్రల్ తెగితే, ఆ 230 వోల్టులు నేరుగా కారు బాడీ మీదకి వస్తాయి. పొద్దున్నే వాకిలి ఊడ్చడానికి వచ్చి, తడి చేతులతో కారు పట్టుకునేది మనం కాదు, అవ్వ. ఇది జుగాడ్ కాదు, దయచేసి కొనకండి.

మరి చేయాల్సిందేంటి? మీటర్ బోర్డు దగ్గర్నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మంచి సాకెట్, దానికి ప్రత్యేకంగా ఎంసీబీ, ఆర్‌సీసీబీ, కొత్త ఎర్త్ గొయ్యి. అన్నీ కలిపినా ఒక మిడ్‌రేంజ్ ఫోన్ ధర దాటదు. ఇంటి శాంక్షన్డ్ లోడ్ ఎంతుందో బిల్లు మీద చూడండి. చాలా ఇళ్ళకి ఒక కిలోవాటే ఉంటుంది, పెంచమని అప్లై చేసుకోవాలి. ఇంటి మీటర్ మీద కారు పెట్టొచ్చా అని అడిగేవాళ్ళకి, కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే అనుమతి ఉంది. పొలం దగ్గర మోటర్ కనెక్షన్ మాత్రం ముట్టుకోవద్దు. వ్యవసాయానికిచ్చిన కరెంటుని వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద అనధికార వినియోగం అవుతుంది. కేసు రాసేది తాత పేరు మీద.

బిల్లు సంగతి ఎవరూ మాట్లాడరు గానీ ఇంట్లో మొహమాటం అంతా అక్కడే. ఆంధ్రలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన స్లాబులు చూడండి. మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, అది దాటితే 8.75. ఇద్దరే ఉండే ఇంట్లో నెలకి 70 యూనిట్లు కాలిందనుకుంటే ఎనర్జీ ఛార్జీ 177 రూపాయలు. మీరు నెలలో రెండుసార్లు వచ్చి 80 యూనిట్లు కారుకి ఎక్కిస్తే 150 యూనిట్లకి 567, పైన సర్దుబాటు ఛార్జీలు అదనం. మీకు 390 రూపాయలకి 490 కి.మీ. వచ్చాయి. లీటర్‌కి 15 ఇచ్చే పెట్రోల్ కారులో అదే దూరానికి మూడున్నర వేలు. వాళ్ళకి మాత్రం బిల్లు మూడు రెట్లు అయింది. చేతికి డబ్బులిస్తే "మా దగ్గర లెక్కలేందిరా" అని తీసుకోరు. సర్వీస్ నంబర్ ఫోటో తీసుకోండి, నెల నెలా మొత్తం బిల్లు ఫోన్‌లోంచి మీరే కట్టేయండి. అంతకంటే పెద్ద చర్చ అక్కర్లేదు.

"మండలానికొక ఫాస్ట్ ఛార్జర్ పెడితే ఈ గోలంతా ఉండదు కదా" అంటారు. హైవే మీద కావాలి, ఒప్పుకుంటా. 2024 చివరికి దేశంలో 25 వేల పైచిలుకు పబ్లిక్ స్టేషన్లుంటే అందులో 5,700 పైన కర్ణాటకవే. నంగలి దాటి మన వైపుకీ ఆ ఊపు రావాలి. కానీ పెద్దపంజాణి లాంటి చోట డీసీ మెషిన్ సంక్రాంతికి నాలుగు రోజులు క్యూ కట్టి, మిగతా ఏడాదంతా దుమ్ము కొట్టుకుంటుంది. ఆ డబ్బుతో ఊరూరా సచివాలయం గోడకి గట్టి ఎర్త్ ఉన్న 15 ఆంప్స్ పాయింట్ ఒకటి పెడితే కార్లకే కాదు, ఎలక్ట్రిక్ స్కూటర్లకీ, ఆటోలకీ పనికొస్తుంది.

కారు ఇంటి నుంచి తీసుకోవడమే కాదు, ఇవ్వగలదు కూడా. నెక్సాన్ ఈవీ 45 లాంటి వాటిలో వీటూఎల్ ఉంది. గాలివానకి కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్, ఫ్యాన్, లైటు రాత్రంతా నడపొచ్చు. వస్తువుల్ని నేరుగా ఆ అడాప్టర్‌కే తగిలించండి, ఇంటి సాకెట్లోకి మాత్రం తిప్పి ఇవ్వొద్దు. లైన్ మీదకి కరెంటు పోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు.

ఇక మా రివ్యూవర్లకి ఒక మాట. ఇకమీదట ప్రతి ఈవీ టెస్టులో నాలుగు విషయాలు చెప్పండి: 200 వోల్టుల దగ్గర ఛార్జర్ పనిచేస్తుందా, ఆంప్స్ తగ్గించొచ్చా, కేబుల్ ఎన్ని మీటర్లు, కరెంటు పోయి వస్తే తనంతట తనే మళ్ళీ మొదలుపెడుతుందా. చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రాత్రి ఒంటిగంటకి అయిదు నిమిషాలు కరెంటు పోయి, పొద్దున ఆరింటికి చూస్తే బ్యాటరీ అక్కడే ఆగి ఉంటే తెలుస్తుంది. కొనేవాళ్ళు టెస్ట్ డ్రైవ్‌కి పోయినప్పుడు షోరూమ్‌లో ఉన్న మామూలు 15 ఆంప్స్ ప్లగ్గుకి కారు తగిలించి చూపించమనండి. సేల్స్ అబ్బాయికి తెలియకపోతే సర్వీస్ వాళ్ళని పిలిపించమనండి, తొందరేం లేదు, కూర్చోండి.