ఆ గది ఎవరు సర్దారు?

పోయిన ఏడాది ఒక కాలేజీ సదస్సులో ‘సినిమాలో నగరం’ అనే అంశం మీద ముగ్గురం మాట్లాడాల్సి ఉండింది. మొదటి ఇద్దరూ పారిస్ నగరాన్నే ఎంచుకున్నారు. పారిస్ ఒక ప్రేయసి అన్నారు ఒక పెద్దాయన. పారిస్ ఆడదానికి స్వేచ్ఛనిచ్చే నగరం అంది నా స్నేహితురాలు. ఇద్దరి గొంతులోనూ ఒకటే పరవశం. నా వంతు వచ్చేసరికి సమయం అయిపోయిందన్నారు అధ్యక్షులవారు. అక్కడ మింగేసిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. నేనూ ఆ తానులో ముక్కనే. 2014లో ‘క్వీన్’ సినిమా వచ్చినప్పుడు పొంగిపోయి వ్యాసం రాశాను. పెళ్లి ఆగిపోయిన ఢిల్లీ పిల్ల రాణి హనీమూన్‌కి ఒంటరిగా పారిస్ వెళ్లి తన కాళ్ల మీద తాను నిలబడడం నేర్చుకుంటుంది. అది మనందరి కథ అన్నాను. రెండేళ్ల తర్వాత అదే వ్యాసాన్ని ఇంగ్లీషులో పెంచి రాసి, నిజంగానే పారిస్‌లో ఒక సదస్సులో చదవడానికి వెళ్లాను. జీవితంలో నా మొదటి విదేశీ ప్రయాణం. గార్ ద్యు నోర్ స్టేషన్‌కి దగ్గర్లో ఒక చౌక హోటల్లో దిగాను.

మూడోరోజు ఉదయం ఒంట్లో నలతగా ఉండి గదిలోనే ఉండిపోయాను. తలుపు కొట్టి ఒకామె లోపలికి వచ్చింది. నలభై దాటిన మనిషి. వెనక దుప్పట్లు, తువ్వాళ్లు పేర్చిన బండి. నా ముఖం చూసి, మంచం మీద పడేసి ఉన్న చున్నీ చూసి, తమిళంలో పలకరించింది. మాది చిత్తూరు జిల్లా, తమిళం వచ్చు. ఆమెది జాఫ్నా వైపు. యుద్ధం రోజుల్లో వచ్చేసిందట. లా షపెల్ వీధుల్లో మనవాళ్ల కొట్లన్నీ ఉన్నాయి, కరివేపాకు కూడా దొరుకుతుంది అని చెప్పింది. చెప్తూనే దుప్పటి లాగేసింది. మాట్లాడినంతసేపూ చేతులు ఆగలేదు.

“పక్క నేను సర్దుకుంటాలే అక్కా” అన్నాను.

“వద్దు తంగచ్చి. సూపర్‌వైజర్ వచ్చి మూలలు చూస్తుంది. బాగాలేకపోతే మాట పడేది నేను.”

ఏం మాట్లాడాలో తెలియక ఒక తెలివితక్కువ ప్రశ్న వేశాను. ఈఫిల్ టవర్ ఎన్నిసార్లు చూశారు అని. ఆమె నవ్వింది. ఒకసారి చుట్టాలొస్తే తీసుకెళ్లిందట, పైకి టికెట్ ఎందుకు దండగ అని అందరూ కిందే నిలబడి ఫొటోలు తీసుకుని వచ్చారట. బండికి ఒక కాగితం క్లిప్పు పెట్టి ఉంది. దాని మీద గదుల నంబర్లు. నాది ఎక్కడో మధ్యలో ఉంది. దాని పక్కన గీత కొట్టి వెళ్లిపోయింది.

మర్నాడు నా పత్రం చదివాను. చప్పట్లు కొట్టారు. చదువుతున్నంతసేపూ నా గొంతు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది. ఎందుకంటే ‘క్వీన్’లో కూడా ఆమె ఉంది. రాణికి పారిస్‌ని చూపించే విజయలక్ష్మి ఎవరు? ఆ హోటల్లో పనిచేసే మనిషే. భారతీయ మూలాలున్నది, పెళ్లి లేకుండా బిడ్డను పెంచుకుంటున్నది. సినిమాకి ఆమె పొట్టి బట్టలు కావాలి, మందు కావాలి, మగవాళ్లతో ఆమె చనువు కావాలి. రాణి జంకు పోగొట్టడానికి అవన్నీ పనికొస్తాయి. రోజుకి ఎన్ని గదులు సర్దుతుందో, రాత్రంతా తిరిగిన మనిషి పొద్దున ఏ నడుముతో పనికెళ్తుందో సినిమాకి అక్కర్లేదు. నాకూ అక్కర్లేకపోయింది. నా వ్యాసంలో ఆమె గురించి ఉన్నది ఒక్క వాక్యం.

పరాయి నగరాన్ని ప్రేమించే సినిమాలతో నా పేచీ ఇదే. అవి నగరాన్ని ఒక గదిలా చూస్తాయి. మనం వచ్చేసరికి సర్దిపెట్టి ఉండాలి, మనం వెళ్లిపోయాక ఎవరు ఊడుస్తారో మనకు తెలియకూడదు.

మగ యాత్రికుల సంగతి మొదట చూద్దాం. 1951లో వచ్చిన ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’ చాలాభాగం కాలిఫోర్నియా స్టూడియోలోనే తీశారు. ప్రేమించడానికి పారిస్ అవసరం కూడా లేకపోయింది, సెట్టింగు చాలింది. 2011లో వుడీ అలెన్ తీసిన ‘మిడ్‌నైట్ ఇన్ పారిస్’ చూడండి. అమెరికన్ రచయిత అర్ధరాత్రి కారెక్కి 1920లకి వెళ్లిపోతాడు. ఆ కాలపు పారిస్‌లో ఎంతమంది రచయిత్రులు, కళాకారిణులు! సిల్వియా బీచ్ 1919లో ‘షేక్‌స్పియర్ అండ్ కంపెనీ’ పుస్తకాల షాపు పెట్టింది, 1922లో జాయిస్ ‘యులిసిస్’ని తానే ప్రచురించింది. అద్రియెన్ మొనియే అదే వీధిలో తన పుస్తకాల షాపు నడిపింది. సినిమాలో మాత్రం జూనా బార్న్స్ ఒక జోకు కోసం వచ్చిపోతుంది. జోసెఫిన్ బేకర్ కాసేపు నర్తిస్తుంది. నాజీల కాలంలో ప్రతిఘటన ఉద్యమానికి పనిచేసి, 2021లో పాంథియన్ గౌరవం పొందిన మనిషి ఆమె. గెర్‌ట్రూడ్ స్టైన్‌కి పెద్ద పాత్రే ఉంది గానీ ఆమె పని హీరో రాతప్రతి చదివి పెట్టడం. అంతమంది ఆడవాళ్ల మేధస్సు ఒక్క మగవాడి కలకి అలంకారమైపోయింది.

ఇక 1972లో బెర్తలూచి తీసిన ‘లాస్ట్ టాంగో ఇన్ పారిస్’. కళాఖండం అని మన ఫిల్మ్ సొసైటీల్లో ఎంతకాలం చెప్పుకున్నాం! ఖాళీ అపార్ట్‌మెంటులో, పేర్లు కూడా చెప్పుకోకుండా, నలభై ఎనిమిదేళ్ల మార్లన్ బ్రాండో, పంతొమ్మిదేళ్ల మరియా ష్నైడర్. ఆ దృశ్యం స్క్రిప్టులో లేదనీ, షూటింగ్‌కి కాస్త ముందు మాత్రమే తనకు చెప్పారనీ, తనమీద కొంత అత్యాచారం జరిగినట్టే అనిపించిందనీ ఆమె 2007లో చెప్పింది. ఎవరికి పట్టింది? 2011లో చనిపోయింది. 2013లో దర్శకుడు తానే ఒప్పుకున్నాడు, వెన్న సంగతి ఆమెకు ముందు చెప్పలేదని. అమ్మాయి అవమానం నటనలా కాక నిజంగా కావాలనుకున్నాడట. 2024 డిసెంబరులో పారిస్‌లోని సినిమాథెక్ ఆ సినిమా ప్రదర్శన పెట్టి, స్త్రీల నిరసన తర్వాత రద్దు చేసింది. చెప్పిన పదిహేడేళ్లకి ఒక్క ఆట ఆగింది.

ఆ సినిమాలో ఇంకొకామె కూడా ఉంది, ఎవరూ మాట్లాడరు. హీరో భార్య ఆత్మహత్య చేసుకున్న హోటల్ స్నానాల గదిలో నెత్తురు కడిగే పనిమనిషి. మగవాడి దుఃఖం మీద పుస్తకాలు వచ్చాయి. ఆ నెత్తురు కడిగినామె గురించి ఎవరైనా రాశారా?

1975లో లారా మల్వే సినిమాలో పురుషుడి చూపు గురించి రాసింది. అప్పట్నుంచీ మనం ఆ మాటని బాగానే వాడుకుంటున్నాం. కానీ చూపు ఆడదానిదైనంత మాత్రాన న్యాయమైపోదు. రాణిని చూసి నేను మురిసిన చూపు కూడా యజమాని చూపే, టికెట్ కొనుక్కున్నవాళ్ల చూపే.

“ఆడవాళ్లు ఇల్లు కదలడమే కష్టమైన చోట, ఒంటరిగా వెళ్లిన ఒక్క పిల్ల మీద కూడా విరుచుకుపడాలా?” అంది నా స్నేహితురాలు ఆ రోజు టీ తాగుతూ. న్యాయమైన ప్రశ్నే. మా అమ్మ తిరుపతి దాటి వెళ్లింది నాలుగైదుసార్లు, అదీ ఎవరో ఒకరి వెంట. రాణి ప్రయాణం వద్దని నేననడం లేదు. జాఫ్నా నుంచి ఆ అక్క కూడా ప్రయాణం చేసే కదా వచ్చింది? ఆమెది మాత్రం ‘వలస’ అయింది, నాది ‘అనుభవం’ అయింది. ఈ రెండు మాటల మధ్య తేడా పాస్‌పోర్టుది, డబ్బుది, చర్మం రంగుది. స్త్రీవాదులం ఆ తేడాని చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

చూడగలిగిన సినిమాలు లేక కాదు. ఆన్యెస్ వార్దా 1962లో ‘క్లియో ఫ్రమ్ 5 టు 7’ తీసింది. క్యాన్సర్ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్న గాయని సాయంత్రం అయిదు తర్వాత తిరిగే తిరుగుడే సినిమా. సగం దాకా అద్దాల్లో తనను తానే చూసుకుంటుంది. తర్వాత విగ్గు పీకేసి నల్లగౌను వేసుకుని వీధిలోకి వస్తుంది. అప్పట్నుంచీ ఆమే నగరాన్ని చూస్తుంది. టాక్సీ నడిపేది ఆడమనిషి, టాక్సీ రేడియోలో అల్జీరియా యుద్ధం వార్తలు. చివరికి చేరే చోటు సాల్‌పెట్రియేర్ ఆసుపత్రి. ఒకప్పుడు పేద స్త్రీలనీ వేశ్యలనీ బంధించిన చోటు, పందొమ్మిదో శతాబ్దంలో డాక్టర్ షార్కో ‘హిస్టీరియా’ స్త్రీలను జనం ముందు ప్రదర్శించిన చోటు. ఏ యాత్రికుల సినిమా వెళ్తుంది అక్కడికి?

అదే వార్దా డెబ్బైల్లో చంటిబిడ్డతో ఇల్లు కదల్లేక, తన ఇంటి నుంచి తొంభై మీటర్ల కరెంటు తీగ లాగి, అది అందినంత దూరంలోనే తన వీధి దుకాణాలవాళ్లతో ‘దాగెరియోటైప్స్’ తీసింది. ఆ తీగ పొడవు ఎంతో పిల్లల తల్లులైన మన రచయిత్రులకు నేను చెప్పక్కర్లేదు. నగరాన్ని ప్రేమించడానికి రెక్కలే అవసరం లేదని ఆ సినిమా చెప్తుంది.

2014లోనే, ‘క్వీన్’ వచ్చిన సంవత్సరమే, సెలీన్ సియామా ‘గర్ల్‌హుడ్’ వచ్చింది. పారిస్ శివార్ల నల్లజాతి అమ్మాయిలు. కథానాయిక తల్లి పాచిపనికి పోతుంది, కూతురికీ అదే పని చూపిస్తుంది. కూతురు ఒప్పుకోదు. ఆ పిల్లలు డబ్బులు పోగుచేసి ఒక రాత్రికి హోటల్ గది తీసుకుంటారు. దొంగిలించిన గౌన్లకి షాపు బిళ్లలు అలాగే వేలాడుతుండగా నాట్యం చేస్తారు. హోటల్ గది ఎవరికి ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

వెండితెర మీద కాకుండా కూడా ఆ కథ నడిచింది. 2019 జులైలో పారిస్‌లోని బాటిన్యోల్ ఐబిస్ హోటల్లో గదులు సర్దే స్త్రీలు సమ్మెకు దిగారు. ఎక్కువమంది ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు, కాంట్రాక్టు పనివాళ్లు. గంటకు మూడున్నర గదులు సర్దాలన్న లెక్క మీద, అంటే గదికి పదిహేడు నిమిషాలు, వాళ్ల పోరాటం. ఇరవై రెండు నెలల తర్వాత 2021 మేలో గెలిచారు. వాళ్లలో ఒకరైన రషెల్ కెకె 2022లో ఫ్రెంచి పార్లమెంటుకి ఎన్నికైంది. ఈ కథ మీద పాటలున్న హిందీ సినిమా ఎవరూ తీయరు.

‘తనకంటూ ఒక గది’ గురించి 1929లో వర్జీనియా వూల్ఫ్ రాసింది. అది లేకుండా మన ఏ వ్యాసమూ పూర్తికాదు. ఆ వూల్ఫ్ ఇంట్లో నెల్లీ బాక్సాల్ అనే వంటమనిషి ఏళ్లతరబడి పనిచేసింది, ఆమెతో తగాదాలు వూల్ఫ్ డైరీల నిండా ఉన్నాయి. నా సంగతీ అంతే. పదింటికి నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఆ చప్పుడు లేకపోతే ఈ వ్యాసమూ లేదు.

సినిమాలు చూడొద్దని కాదు. ఇకమీదట ఏ నగరం సినిమా గురించి రాసినా పక్క సర్దినవాళ్లు ఎక్కడున్నారో వెతికి రాద్దాం. వాళ్లు లేకపోతే లేరని రాద్దాం. నా వరకు ఒక బాకీ ఉంది. 2014 నాటి వ్యాసంలో విజయలక్ష్మి గురించి రాసిన ఆ ఒక్క వాక్యం ఇది: “రాణికి ఆమె జీవించడం నేర్పింది.” దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె పనిచేసి అలసిపోయిన మనిషి. మనకు ఏదో నేర్పడానికి ఆమె అక్కడ లేదు.