రిపోర్ట్ నార్మలే, మరి జబ్బో?

"ఒరేయ్, ఎమ్మారై నార్మల్ వచ్చిందిరా, వాడికేం లేదు" అని బాబాయ్ ఫోన్ చేసిన రోజు నేను ఆఫీసులో ఏదో ప్రొడక్షన్ ఇష్యూలో తలమునకలై ఉన్నా. "హమ్మయ్య" అనేసి పెట్టేశా. ఆ హమ్మయ్య ఖరీదు నాలుగు నెలలని తర్వాత తెలిసింది.

వాడంటే బాబాయ్ కొడుకు, ఇంజనీరింగ్ మూడో ఏడు. పక్కగదిలో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఎవరూ లేనప్పుడు కూడా ఆ మాటలు వినపడుతున్నాయని చెప్పడం మొదలెట్టాడు. నిద్ర లేదు, స్నానం లేదు. డాక్టరు స్కిజోఫ్రీనియా మొదటి దశ కావచ్చని మందులు రాసి, స్కాన్ కూడా చేయించమన్నారు. రిపోర్ట్ నార్మల్ అనగానే మావాళ్ళు మందులు అటకెక్కించి మొక్కులు మొదలెట్టారు. "పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుంది" అనే సలహాలు షరా మామూలే.

పరిస్థితి ముదిరి మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తాక గానీ నేను కూర్చుని చదవలేదు.

ఈ జబ్బులో మెదడు నిర్మాణం మారుతుందన్నది నిజమే. 1976లో లండన్‌లోని నార్త్‌విక్ పార్క్‌లో ఈవ్ జాన్‌స్టన్ బృందం 17 మంది రోగులకి సీటీ స్కాన్ తీసి, మెదడు లోపల ద్రవం ఉండే గదులు పెద్దవయ్యాయని చూపించింది. 2001లో పాల్ థాంప్సన్ బృందం చిన్నవయసులోనే జబ్బు మొదలైన 12 మందికి ఐదేళ్ళ వ్యవధిలో మళ్ళీ మళ్ళీ ఎమ్మారై తీసింది. గ్రే మేటర్ తరగడం నడినెత్తి వెనక భాగంలో మొదలై నుదుటి వైపు పాకింది. 2003లో మెల్‌బోర్న్‌లో క్రిస్టోస్ పాంటెలిస్ బృందం రిస్కు ఎక్కువున్న 75 మందికి జబ్బు బయటపడకముందే స్కాన్ తీసింది. తర్వాత 23 మందికి సైకోసిస్ వచ్చింది. వాళ్ళ మెదళ్ళలో కొన్ని తేడాలు ముందే ఉన్నాయి.

ఇదంతా చదివితే ఏమనిపిస్తుంది? స్కాన్‌లో కనపడలేదంటే జబ్బు లేనట్టేగా అని. సరిగ్గా ఇక్కడే తప్పులో కాలేస్తాం. అవన్నీ సగటులు మహాప్రభో!

2016లో ఎనిగ్మా బృందం 2028 మంది రోగుల్ని 2540 మంది మామూలు మనుషులతో పోల్చింది. అన్నిటికంటే ఎక్కువ తేడా హిప్పోకాంపస్‌లో కనపడింది. ఆ తేడాకి రెండు బెల్ కర్వులు గీస్తే ఎనభై శాతం ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక్క మెదడు చేతికిచ్చి ఇది ఏ కర్వులోదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. వంద సర్వర్ల సగటు పెరిగిందని గ్రాఫ్ చూపిస్తే, మూడో ర్యాక్‌లో ఉన్న మీ సర్వరు సంగతి తెలుస్తుందా?

మరి స్కాన్ ఎందుకు రాస్తారు? గడ్డ, మెదడువాపు లాంటివి కావని తేల్చుకోడానికి. నార్మల్ అంటే "ఈ బగ్గులు కావు" అని అర్థం, "బగ్గే లేదు" అని కాదు. జబ్బుని తేల్చేది ఇప్పటికీ మనిషితో, ఇంట్లోవాళ్ళతో మాట్లాడే.

"మందులే మెదడుని కుదించేస్తాయట" అని మా బావ ఇంకో లింకు పంపాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. 2011లో అయోవాలో 211 మందిని ఏళ్ళ తరబడి గమనిస్తే, మందులు ఎక్కువ వాడినవాళ్ళలో తరుగుదల కాస్త ఎక్కువే కనపడింది. కానీ అసలు మందే ముట్టనివాళ్ళలో కూడా తేడాలున్నాయి. కాబట్టి మోతాదు గురించి డాక్టర్ని నిలదీయండి, అంతేగానీ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. వైద్యం లేకుండా గడిచే కాలం పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.

నా గోల ఒక్కటే. స్కాన్ రాసే డాక్టరుగారు "ఇది నార్మల్ వచ్చినా మందులు ఆపకూడదు" అని రెండు నిమిషాలు తెలుగులో చెబితే చాలు. ఆ రెండు నిమిషాలు మావాళ్ళకి దొరకలేదు. చదువుకున్నవాణ్ణి, నేనైనా అడగాల్సింది. ఎవరిని అడగాలో తెలియకపోతే 2022లో కేంద్రం మొదలెట్టిన టెలిమానస్ నంబరు 14416 ఉంది.

మావాడిప్పుడు మందులు వేసుకుంటున్నాడు, కాలేజీకింకా వెళ్ళట్లేదు. మొన్న ఫోన్ చేసి "అన్నయ్యా, రిపోర్ట్ నార్మలే కదా, మరి నాకెందుకలా వినపడేవి?" అన్నాడు. మీటింగ్ వదిలేసి బయటికొచ్చి పైదంతా వాడికి చెప్పా. ఆ తర్వాత బాబాయ్‌కీ చెప్పా, నాలుగు నెలలు ఆలస్యంగా.